బొమ్మలాటలో సమన్యాయము

పాఠకులలో పెక్కురు తమ యిండ్లలో నొక దృశ్యమును నిత్యము చూచుచునే యుందురు. చదువుకొను పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చుండియో, సెల్‌ఫోను చేతబట్టియో, దేశదేశముల తోడియాటగాండ్రతో గూడి యాడుచుండును. పెద్దలు కాలహరణమని కసరి తొలగిపోవుదురు. అది కాలహరణమా, కాదా యను వివాదము నేడు మాకు విషయము గాదు. పందెపుటాటల సంగతియు మేము చెప్పుట లేదు. డబ్బొడ్డి యాడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు భారత పార్లమెంటు 2025లో శాసనము చేసియే యున్నది. ఆట మొదలిడుటకు ముందు ఆ పిల్లవాడు చేయు నొక పనిని మాత్రము పెద్దలు నిలిచి గమనింపవలెనని మా కోరిక. ఆటలోని లోకమున సంచరించుటకు అతడు తనకొక రూపమును నిర్మించుకొనును. కన్నులు, ముక్కు, జుట్టు, ఒంటిచాయ, కట్టుబట్ట ఇవి యన్నియు ఆటను తయారుచేసిన కంపెనీవారు ముందుగా చేసి యుంచిన వానిలోనుండి ఏరుకొనును. ఏరుకొనుటకు ఎవరికెన్ని యున్నవి, ఎవరికెన్ని లేవు అనునదే నేటి మా ప్రశ్న.

కొండపల్లి బొమ్మలు చేయువారి పనితనమును చూచినవారికి ఈ విధానము సులభముగా బోధపడును. వారు తెల్లపొణికి కఱ్ఱతో తల, చేతులు, కాళ్లు వేర్వేరుగా చెక్కి, చింతగింజల జిగురుతో నదికి, పిమ్మట రంగులు వేయుదురు. ఆన్‌లైన్ ఆటలలోని మనుష్యులును అట్టివారే. వేర్వేరుగా చేసిన యవయవములను ఆటగాడే తన యిష్టము వచ్చినట్లు అతుకుకొనును. అయితే పనివాని పెట్టెలో లేని తల బొమ్మకు రాదు. పెట్టెలో ఏ తలలుండవలెనో నిర్ణయించువాడు ఆటగాడు గాడు. ఎక్కడనో దూరదేశమున కార్యాలయములో కూర్చున్న శిల్పి. కావున ఆటగాని స్వేచ్ఛ యని మనమనుకొనునది ఆ పెట్టె యంచులవఱకే.

ఈ ఆటలలో ‘జాతి’ యను మాట రెండర్థములలో చెల్లుచున్నది. ఒకటి కల్పితజాతి. మరుగుజ్జులు, పొడుగుచెవులవారు, కోఱలవారు, మృగముఖులు మున్నగువారు. రెండవది నిజమైన మనుష్యులలోని రూపభేదము, అనగా నల్లవారు, చామనచాయవారు, పచ్చనివారు, తెల్లవారు. మొదటిదానిలోని యన్యాయము వర్తకపు టన్యాయము. రెండవదానిలోనిది మానమునకు సంబంధించినది. రెంటిని కలిపి గందరగోళము చేయువారే యెక్కువగా నున్నారు గనుక వేఱువేఱుగా విచారింతము.

కల్పితజాతులకు సుప్రసిద్ధమైన యుదాహరణము ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అను ఆట. ఇది 2004 నవంబరులో వెలువడెను. అమెరికాలో నప్పటి నెలచందా 14.99 డాలర్లు. ఏ జాతివానిగా నాడినను చందా యొక్కటే. 2018లో కంపెనీవారు ‘మిత్రజాతులు’ అను పేర మఱికొన్ని జాతులను చేర్చిరి. వీనిని పొందుటకు ఆటగాడు చాలదినములు ఆటలోని పనులు చేసి అర్హత సంపాదింపవలసి యుండెను. 2020 అక్టోబరులో పాత్రరూపకల్పనను విస్తరించినపుడు, మొదటినుండి యున్న జాతులకు క్రొత్త ముఖములు, జడలు, పచ్చబొట్లు సమృద్ధిగా లభించెను. మిత్రజాతులకు లభించినది స్వల్పము. శ్రమపడి సంపాదించుకొన్న జాతికే కొఱత కలుగుట చూచి ఆటగాండ్రు గట్టిగా నాక్షేపించిరి. నైట్‌బోర్న్, లైట్‌ఫోర్జ్‌డ్ డ్రెనై మున్నగు కొన్ని జాతులకు మఱికొన్ని యేర్పాట్లు 2021 నవంబరులో గాని రాలేదు.

మన రైతులకు ఈ బాధ క్రొత్తది కాదు. కాలువ తలలోని పొలమునకును, చివరనున్న పొలమునకును నీటితీరువ యొక్కటే. తలలోనివాడు మడినిండ నీరు పెట్టుకొనగా, చివరివాడు గట్టుమీద కూర్చుండి యెదురుచూచును. అతడడుగునది దానము గాదు. తాను చెల్లించినదానికి ప్రతిఫలము. నీరు తక్కువగా నున్నచో అందఱికిని తక్కువ గావలెను. వంతు వచ్చునని చెప్పినచో ఆ వంతు ఏనాడు వచ్చునో చెప్పవలెను. మిత్రజాతుల యాటగాండ్రు అడిగినదియు నింతే.

ఇంకొక యుదాహరణము జపానుదేశమునుండి వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 14’. 2019లో దీనియందు రెండు జాతులు చేరెను. వియెరా యనువారు కుందేటి చెవుల వంటి పొడుగుచెవులు గలవారు. హ్రోత్‌గార్ అనువారు సింహముఖులు. అప్పుడు వియెరాలలో స్త్రీరూపము మాత్రమే యిచ్చిరి. హ్రోత్‌గార్లలో పురుషరూపము మాత్రమే. అంతేగాక ఆటలోని టోపీలు, శిరస్త్రాణములు పెక్కు ఈ యుభయుల తలలమీద కనబడవయ్యెను. ఇతరజాతులవారు ధరించి మురియు కిరీటము వీరు కొనినను, గెలుచుకొనినను, తల బోడిగనే యుండెను. ఆటగాండ్రు పలుమారు విన్నవించుకొనిన మీదట పురుష వియెరాలు 2021 డిసెంబరులోను, స్త్రీ హ్రోత్‌గార్లు 2024 జూలైలోను వచ్చిరి. ఒక జాతిలోని సగమునకు రెండేండ్లు, మఱియొక జాతిలోని సగమునకు అయిదేండ్లు ఆలస్యమయ్యెనన్నమాట.

ఇక్కడ కంపెనీల పక్షమున చెప్పవలసినదానిని చెప్పకపోవుట న్యాయము గాదు. ఈ యాట నిర్మాత, దర్శకుడునైన నావోకి యోషిదా పనిభారమునే కారణముగా చెప్పెను. ఆ మాటలో సత్యము లేకపోలేదు. ఆ యాటలో నేడు ఎనిమిది జాతులు. ఒక్కొక్కదానికి స్త్రీపురుషరూపములు రెండేసి. వెరసి పదునాఱు దేహములు. ఒక టోపీని తయారుచేసినచో అది పదునాఱు తలలకు సరిపోవలెను. పొడుగుచెవులు టోపీని చీల్చుకొని వచ్చును. సింహపు జూలు శిరస్త్రాణములో నిముడదు. ప్రతి తలకును వేఱుగా కొలిచి, సవరించి, కదలించి చూడవలెను. ఏండ్లతరబడి పేరుకొన్న టోపీలు వందలకొలదిగా నున్నవి. నలుగురికి అంగీలు కుట్టిన దర్జీవానిని హఠాత్తుగా పదునాఱుగురికి కుట్టుమన్నచో అతడు గడువడుగుట సహజమే.

కాని పెండ్లివారికి బట్టలు కుట్టుటకు ఒప్పుకొన్న దర్జీ, ఎవరి కొలతలు కష్టముగా నున్నవో ముందుగనే చూచుకొనవలెను గదా! కుందేటిచెవులు గల జాతిని గీసినవారు కంపెనీవారే. టోపీలు గీసినవారును వారే. చెవులు అడ్డమగునని తెలిసియు ఆ జాతిని విక్రయమునకు పెట్టినవారు, ఆ యడ్డమును తొలగించు ఖర్చును గూడ మొదటి లెక్కలోనే వేసికొనవలసి యుండెను. కష్టము ఆలస్యమునకు కారణము కావచ్చును. ఎల్లప్పుడు ఒక్కవర్గమునకే ఆలస్యము జరుగుటకు అది కారణము కాజాలదు.

ఇక రెండవ యర్థములోని జాతికి వత్తము. కుందేటిచెవుల స్త్రీకి టోపీ లేకున్న నిజలోకమున నెవరికిని నొప్పి లేదు. కాని నల్లని పిల్లకు తన జుట్టు ఆ పెట్టెలో కనబడకపోయినచో, ఆ నొప్పి బొమ్మది గాదు, ఆ పిల్లది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లోని మనుష్యజాతికి మొదటినుండియు నల్లనిచాయలు కొన్ని యుండెను. కాని ముఖకవళికలు మాత్రము ఐరోపావారివే. తెల్లముఖమునకు నల్లరంగు పూసినట్లుండెను. నల్లజాతివారి యొక్కయు, ఆసియావారి యొక్కయు కవళికలు గల ముఖములు, ఉంగరాల జుట్టు తీరులు 2020లో వచ్చెను. అనగా పదునాఱు సంవత్సరములు గడచిన పిదప. గృహజీవనమును అనుకరించు ‘ది సిమ్స్ 4’ అను ఆట 2014లో వెలువడెను. దానియందలి ముదురుచాయలు బూడిద పూసినట్లున్నవని ఆటగాండ్రు చిరకాలము మొఱపెట్టుకొనిరి. కొందఱు విసిగి స్వయముగా చాయలు తయారుచేసి ఇతరులకు పంచిపెట్టిరి. 2020 డిసెంబరులో కంపెనీవారు నూఱుకు పైగా క్రొత్త చాయలను చేర్చిరి. ఈ యాటను ప్రకటించు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీకి మన హైదరాబాదులోను కార్యాలయము కలదు. కావున ఇది మనకు బొత్తిగా పరాయివారి గొడవ కాదు.

ఇట్లెందుకు జరుగుచున్నది? ద్వేషముచేతనే యని మేమనము. పనిముట్టులోనే పక్షపాతము దాగియుండుట యొకటి గలదు. ఫోటోగ్రఫీ చరిత్రనుండి దీనికి చక్కని నిదర్శనము చూపవచ్చును. రంగులఫిలిము ఫోటోలు సరిగా వచ్చినవో లేదో పరీక్షించుటకు అమెరికాలోని ప్రయోగశాలలు చాలకాలము ఒక తెల్లస్త్రీ బొమ్మ గల కార్డును ప్రమాణముగా వాడుచుండెను. ఆమె చాయ సరిగా వచ్చినచో ఫిలిము సరియైనదే. నల్లవారి ముఖములు చీకటిముద్దలైనను లెక్కించిన వారు లేరు. కెనడాకు చెందిన లోర్నా రోత్ అను విదుషీమణి 2009లో ప్రకటించిన పరిశోధనలో చిత్రమైన సంగతి యొకటి యున్నది. ఫిలిములో గోధుమ, నలుపు చాయలు సరిగా వచ్చునట్లు సవరణలు జరుగుటకు చాకొలెట్టు కంపెనీల వారును, కుర్చీలు బల్లలు చేయువారును తమ సరకుల రంగులు బాగుగా వచ్చుట లేదని చేసిన ఫిర్యాదులు కారణమయ్యెనట! మనుష్యుని మొఱ వినబడనిచోట బల్ల మొఱ వినబడినది.

కంప్యూటరు బొమ్మలలోను నీ కథయే పునరావృత్తమయ్యెను. యేల్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు చిత్రశాస్త్రమును బోధించు థియొడోర్ కిమ్ 2020లో దీనినిగూర్చి బహిరంగముగా వ్రాసెను. ‘మానవచర్మము’ను కంప్యూటరులో చిత్రించుటకని శాస్త్రజ్ఞులు వృద్ధిపఱచిన పద్ధతులు తెల్లచర్మములో వెలుతురు చొచ్చి ప్రసరించుటనే ముఖ్యముగా చూచినవనియు, ‘మానవకేశము’ అన్నప్పుడు వారి మనస్సున నున్నది తిన్నని జుట్టేననియు ఆయన చూపెను. శాస్త్రములో ఆ యధ్యాయము వ్రాయబడకపోయినచో ఆటలు చేయువాడు దానిని ఎక్కడనుండి తెచ్చును? లోపమును కనుగొని చేతులు ముడుచుకొని కూర్చుండక, కిమ్మును, ఎ. ఎం. డార్క్ అను కళాకారిణియు, వారి సహచరులును గట్టిగా చుట్టలు తిరిగిన జుట్టును కంప్యూటరులో సహజముగా చూపు గణితపద్ధతులను 2024లో ప్రకటించిరి. అసాధ్యమని చెప్పబడినది వాస్తవముగా అసాధ్యము గాదు. ఎవరును పూనుకొనకపోవుటచేత అట్లు తోచినది.

‘బొమ్మయే గదా, దీనికింత యార్భాటమెందుకు?’ అని యడుగువారుందురు. నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ అను పరిశోధకులు 2007లో ఒక పరీక్షాఫలితమును ప్రకటించిరి. పొడుగైన రూపము నిచ్చినవారు బేరసారములలో ధైర్యముగా నిలిచిరి. పొట్టిరూపము నిచ్చినవారు తలయొగ్గిరి. అందమైన రూపము పొందినవారు ఇతరులకు చేరువగా నిలిచి మాటలాడిరి. ఆ రూపము తమది గాదు, కంప్యూటరు ఇచ్చినది. అయినను మనస్సు దానికి లోబడినది. వేషము వేసికొన్నవాడు వేషము ననుసరించి నడచునని మన నాటకములవారు ఏనాడో యెఱుగుదురు. 2009లో డిమిట్రీ విలియమ్స్ మున్నగువారు అమెరికాలో నమ్ముడుపోవు 150 ఆటలలోని పాత్రలను లెక్కించిరి. జనసంఖ్యలోని పాలుకంటె తెల్లవారును, పురుషులును అధికముగాను, స్త్రీలు, లాటిన్ అమెరికా సంతతివారు, ఆదిమవాసులు, పిల్లలు, వృద్ధులు తక్కువగాను కనబడిరి. దినదినమును గంటలకొలది ఆ లోకమున గడపు బాలునికి ఎవరు కథానాయకులో, ఎవరు లేనివారో ఎవరును చెప్పకయే తెలియుచున్నది.

ఈ చిక్కును విప్పుటకు ‘రస్ట్’ అను ఆటవారు విచిత్రమైన మార్గము తొక్కిరి. 2015లో వారు ఏరుకొను పద్ధతినే తీసివైచి, ఒక్కొక్క యాటగానికి ఒంటిచాయను, ముఖమును చీటివేసినట్లుగా తామే నిర్ణయించిరి; 2016లో స్త్రీపురుషభేదమును గూడ నట్లే చేసిరి. వచ్చినదానిని మార్చుకొనుటకు వీలులేదు. నిజలోకమున నెవడును తన చాయను ఎంచుకొని పుట్టడు గదా యని వారి వాదము. ఒకందుకు ఇది సమత్వమే. చీటి పక్షపాతము నెఱుగదు. తెల్లబాలుడు నల్లనిరూపమున తిరిగి లోకము తన్నెట్లు చూచునో కొంత తెలిసికొనును. కాని మాకు దీనియందు పూర్ణసమ్మతి లేదు. ఎన్నడును తన రూపమును తెఱమీద చూచుకొనని వానికి చీటిలోను మఱియొకరి రూపమే వచ్చినచో, అతని కొఱత తీరలేదు. ఆకలిగొన్నవానికిని, కడుపునిండినవానికిని ఒకే చీటివేయుట సమముగా నుండవచ్చును గాని న్యాయముగా నుండదు.

మఱికొందఱు, ‘అన్ని జాతులకును లెక్కపెట్టి సమానముగా నిచ్చినచో జాతికి జాతికి భేదమేమి మిగులును? మరుగుజ్జునకు గడ్డమే అందము. పొడుగుచెవులవానికి జుట్టే అందము’ అందురు. ఇది విచారింపదగిన మాట. సంఖ్యాసమత్వమే న్యాయమని మేమును చెప్పము. తోలుబొమ్మలాటలో రావణునికి పది తలలు చెక్కిరని, తనకొక్కటే చెక్కిరని హనుమంతుడు అలుగడు; అతనికి తగిన తోక అతనికున్నది. ఒకనికి గడ్డములు పదియిచ్చి, మఱియొకనికి జడలు పదియిచ్చినచో తప్పులేదు. ఒకనికి రెండును పదేసి యిచ్చి, రెండవవానికి రెండును రెండేసి యిచ్చుట తప్పు. భేదమును నిలుపుకొనుట వేఱు. భేదము పేర కొఱత పెట్టుట వేఱు.

ఈ వివేచనము ఆటలు చేయువారిలోను క్రమముగా కలుగుచున్నది. ఇట్టి యాటలకెల్ల మూలపురుషుని వంటిదైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో పుట్టినది. అది కాగితము, పాచికలతో నాడునది. ఒక్కొక్క జాతికి పుట్టుకతోనే ఇంత బలము, ఇంత బుద్ధి యని అందు చిరకాలము నియమముండెను. 2020లో ఆ యెక్కువతక్కువలను ఆటగాడు తన యిష్టము వచ్చినట్లు మార్చుకొనవచ్చునని సవరించిరి. 2024లో వెలువడిన క్రొత్త నియమగ్రంథములో ‘జాతి’ యను పదమునే తీసివైచి, ప్రాణిభేదమను నర్థము గల వేఱొక పదమును వాడిరి; బలబుద్ధుల లెక్కను పుట్టుకనుండి తప్పించి, పెరిగిన తీరునకు, నేర్చిన వృత్తికి ముడివేసిరి. పుట్టుకనుబట్టి బుద్ధిని నిర్ణయించుట ఆటకైనను తగదని యేబది సంవత్సరములకు వారికి తోచినది. ఈ మాట ఒక్క ఆటగాండ్రే గాక మఱికొందఱును వినదగినదని మేము చెప్పనక్కఱలేదు.

పరులను విమర్శించునప్పుడు మన యిల్లును చూచుకొనుట మర్యాద. మన పత్రికలలోని వివాహప్రకటనలను పాఠకులు చదువుచునే యున్నారు. ‘ఎఱ్ఱగా, అందముగా నుండు వధువు కావలె’నని వ్రాయించువారు చామనచాయవారే. చర్మమును తెల్లబఱచునని దశాబ్దములుగా నమ్ముడుపోయిన యొక లేపనము తన పేరులోని తెలుపు మాటను 2020లో వదలుకొన్నది గాని, ఆ మాట మన మనస్సును వదలలేదు. నల్లనివాడని రాముని, కృష్ణుని కీర్తింతుము. పటములో మాత్రము వారికి నీలిరంగు పూయుదుము. ఇట్టి యిండ్లలో పెరిగిన బాలుడు ఆటలో రూపము నేరుకొనుచు, తన చాయ పెట్టెలో నున్నను దానిని దాటి లేతచాయను ముట్టుకొనినచో తప్పు కంపెనీదని మాత్రము చెప్పజాలము. పెట్టెలో చాయను చేర్చుట కంపెనీవారి విధి. దానిని సిగ్గుపడక ఏరుకొను ధైర్యము నిచ్చుట ఇంటిలోని పెద్దల విధి.

కావున మేము కోరునది విస్తారము గాదు. ఒకే వెల చెల్లించినవారికి ఒకే కొలతతో కొలువవలెను. కొఱత తప్పనిసరియైనచో దానిని ఎవరెవరు ఎంతకాలము భరింపవలెనో ముందుగనే చెప్పవలెను. ప్రతిసారియు ఒక్కరినే కడపట నిలుపరాదు. నిజమైన మనుష్యుల పోలికలు గీయునప్పుడు ఆ మనుష్యులనే పిలిచి యడుగవలెను. నల్లముఖమును తెల్లముఖమునకు పూతగా గాక, దాని యెముకలతో, దాని జుట్టుతో, దాని వెలుగుతో గీయవలెను. మన యువకులు వేలకొలదిగా కంప్యూటరు విద్య నేర్చి దేశవిదేశముల కొలువులు చేయుచున్నారు. వారిలో నెవరైనను ఇట్టి పెట్టెలలో ముఖములు నింపు పనికి కూర్చున్ననాడు, పల్లెలోని తమ తల్లి ముఖము అందులో నున్నదో లేదో యొక్కసారి వెదకి చూతురుగాక.

కాలువ చివర మడి తడిసిననాడే నీటిపంపకము సరిగా జరిగినదని ఊరివారందురు. ఆటల లోకమునకును అదియే పరీక్ష. అందఱికంటె కడపట కూర్చున్న పిల్లవాడు పెట్టె తెఱచి, వెదకనవసరము లేకుండ తన రూపమును చూచుకొని నవ్విననాడు, ఆ యాట అందఱిదియని మేమును ఒప్పుకొందుము.